చలికాలపు ఆర్‌వి ప్రయాణం: ముందు దక్షిణానికి, ఆ తరువాతే పడమరకు

ప్రశ్న: మేము న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటున్నాము. గుంటూరు నుంచి వచ్చిన మా అత్తగారికి, మామగారికి ఈ దేశం చూపించాలని, డిసెంబరు చివరలో 25 అడుగుల క్లాస్ సి ఆర్‌వి (పడకలు, వంటగది ఉండి చక్రాల మీద ఇల్లులా ఉండే బండి) అద్దెకు తీసుకుని లాస్ ఏంజెలెస్ వరకు వెళ్లాలనుకుంటున్నాము. మూడు వారాల వ్యవధి ఉంది. వేసవిలో ఇలాగే వెళ్లిన మిత్రులు ఐ-80 అంతర్రాష్ట్ర రహదారి బాగుంటుందంటున్నారు. బాత్రూము బండిలోనే ఉంటుంది కదా అన్న ధైర్యంతోనే పెద్దవాళ్లను బయలుదేరదీస్తున్నాము. చలికాలంలో ఇది సాధ్యమేనా?

జవాబు: సాధ్యమే, కానీ మీ మిత్రులు వెళ్లిన దారిన కాదు. మీరు చెప్పిన బాత్రూము ధైర్యాన్ని కూడా మొదటి వెయ్యిన్నర మైళ్లు పక్కన పెట్టవలసి ఉంటుంది.

ముందు దారి సంగతి. ఐ-80 వ్యోమింగ్‌లో లారమీకి, రాలిన్స్‌కు మధ్య ఎల్క్ మౌంటెన్ పక్కగా సాగుతుంది. అక్కడ చలికాలంలో మంచు కన్నా గాలి ఎక్కువ ప్రమాదకరం. గాలి ఉద్ధృతమైనప్పుడు తేలికగా, ఎత్తుగా ఉండే వాహనాలకు రహదారిని మూసివేస్తారు; మీ ఆర్‌వి సరిగ్గా ఆ కోవలోకే వస్తుంది. ఆ పరిస్థితిలో గేటు పడితే, ఎప్పుడు తీస్తారో తెలియని నిరీక్షణలో పెద్దవాళ్లతో ఏదో చిన్న ఊళ్లో ఉండిపోవలసి వస్తుంది. ఐ-40 దక్షిణంగా ఉంది కనుక క్షేమమని చాలామంది అనుకుంటారు గానీ, ఆ దారిలోని ఫ్లాగ్‌స్టాఫ్ దాదాపు 7,000 అడుగుల ఎత్తున ఉంది, అక్కడ మంచు బాగా కురుస్తుంది.

అందుచేత ఎడిసన్ నుంచి ఐ-78 పట్టుకుని ఐ-81లో కలిసి, వర్జీనియా దాటి, టెనెసీలో ఐ-40 ఎక్కి, లిటిల్ రాక్ దగ్గర ఐ-30లోకి మళ్లి డాలస్ చేరుకోండి. అక్కడి నుంచి ఐ-20, ఆ పైన ఐ-10 మిమ్మల్ని ఎల్ పాసో, టూసాన్, ఫీనిక్స్‌ల మీదుగా లాస్ ఏంజెలెస్‌కు చేరుస్తాయి. మొత్తం సుమారు 3,000 మైళ్లు. క్లాస్ సి బండి గ్యాలనుకు ఎనిమిది నుంచి పది మైళ్లు ఇస్తుందనుకుంటే 300 నుంచి 375 గ్యాలన్ల పెట్రోలు లెక్క వేసుకోవాలి. తిరుగు ప్రయాణం కూడా ఇదే బండిలో అంటే మూడు వారాలూ రోడ్డు మీదే గడిచిపోతాయి కనుక, బండిని అక్కడే అప్పగించి విమానంలో తిరిగి రండి. అయితే తుపాను వస్తే ఎక్కడైనా ఆగిపోవడానికి వీలుగా టికెట్టుకు ముందు మూడు రోజులు ఖాళీ ఉంచుకోండి. ఐ-95 మీద బాల్టిమోర్ వైపు మాత్రం వెళ్లకండి. పది పౌండ్లకు మించిన ప్రొపేన్ సిలిండరు ఉన్న వాహనాలను అక్కడి సొరంగాలలోకి రానివ్వరు, అలాంటి వాహనాలకు ప్రత్యామ్నాయంగా ఉండిన ఫ్రాన్సిస్ స్కాట్ కీ వంతెన 2024 మార్చి 26న కూలిపోయింది.

ఇక నీటి సంగతి. ఇదే అసలు చిక్కు. ఆర్‌వి గొట్టాలు సన్ననివి, చాలా బళ్లలో అవి బండి అడుగున చలిగాలికి తగిలేలా ఉంటాయి. నీరు గడ్డకట్టి వ్యాకోచించినప్పుడు పగిలేది గొట్టమో, పంపో, వాల్వో మనకు వెంటనే తెలియదు, కరిగి కారినప్పుడే తెలుస్తుంది. నా మొదటి చలికాలపు ప్రయాణంలో వర్జీనియాలో ఒక రాత్రి నీటి గొట్టాన్ని కుళాయికి తగిలించే ఉంచి పడుకున్నాను. తెల్లవారి చూస్తే అది రోకలిలా బిగుసుకుపోయి ఉంది, చేత్తో ఎత్తితే మొత్తం ఒకే కర్రలా లేచింది. మధ్యాహ్నం ఎండకు అది మెత్తబడ్డాక, బండి వైపున్న వాల్వు చీలిపోయిందని నీళ్లు కారి తెలిసింది.

కనుక డాలస్ చేరేవరకు ట్యాంకులో నీళ్లు నింపకండి. బండి తీసుకునేటప్పుడే గొట్టాలు ఖాళీ చేసి, గులాబీ రంగు ఆర్‌వి యాంటీఫ్రీజ్ (గడ్డకట్టకుండా కాపాడే ద్రవం) ఎక్కించి ఇవ్వమని అడగండి. అది ప్రొపిలిన్ గ్లైకాల్‌తో చేసినది. కారు ఇంజనులో పోసే ఇథిలిన్ గ్లైకాల్ విషం, దానిని నీటి గొట్టాల దరిదాపులకు రానివ్వకూడదు. తాగడానికి, వంటకు నీళ్ల డబ్బాలు లోపల పెట్టుకోండి. స్నానాలకు దారిలో పెద్ద ట్రక్ స్టాపులలో డబ్బు కట్టి వాడుకునే శుభ్రమైన గదులు ఉంటాయి. మరుగుదొడ్డిని వాడవచ్చు, కానీ నీటికి బదులు అదే గులాబీ ద్రవం పోయాలి. మన పెద్దవాళ్లకు చెంబు నీళ్లు తప్పనిసరి కదా, ఆ నీళ్లూ బ్లాక్ ట్యాంకులోకే, అంటే మరుగుదొడ్డి కింది తొట్టిలోకే చేరి గడ్డకడతాయి కనుక ప్రతి రాత్రి ఆ గులాబీ ద్రవం ఒక క్వార్టు (పావు గ్యాలను) అదనంగా పోయండి.

డాలస్‌లో రెండు రోజులు ఆగండి. ఫ్రిస్కోలోని కార్యసిద్ధి హనుమాన్ ఆలయం చూపిస్తే మీ అత్తమామలు ఈ దారి కష్టమంతా మరచిపోతారు. డాలస్‌లో ట్యాంకుకు నీళ్లు నింపుకోవచ్చు. అయినా టెక్సాస్ అంటే వెచ్చదనమేనని నమ్మి కూర్చోకూడదు. 2021 ఫిబ్రవరిలో ఆ రాష్ట్రం ఎలా గడ్డకట్టుకుపోయిందో అక్కడి తెలుగువారిని అడిగితే చెబుతారు. ఎల్ పాసో దాటాక న్యూ మెక్సికోలో పగలు హాయిగా ఉన్నా రాత్రి నీరు గడ్డకట్టే 32 డిగ్రీల ఫారెన్‌హీట్ కిందికి జారడం మామూలే, కాబట్టి పగలు ట్యాంకు నింపుకుని, చీకటి పడేలోగా గొట్టం విప్పి లోపల పెట్టండి. వీలైతే లాస్ క్రూసెస్ నుంచి వైట్ శాండ్స్ జాతీయ ఉద్యానవనానికి వెళ్లి రండి. అక్కడి తెల్లని జిప్సం ఇసుక తిన్నెలు పెద్దవాళ్లకు బాగా నచ్చుతాయి.

ప్రశ్న: ఆర్‌విలో రాత్రంతా హీటరు వేసుకుంటే గ్యాసు చాలుతుందా? చాలకపోతే వంట పొయ్యి వెలిగించుకోవచ్చా? పొద్దున్నే కిటికీలన్నీ తడిసి ఉంటున్నాయి, కారణమేమిటి? (డాలస్ పాఠకురాలు)

జవాబు: ఇండియాలో మన ఇళ్లలోని వంటగ్యాసులో బ్యూటేన్ కూడా ఉంటుంది కనుక బాగా చలి వేస్తే మంట మందగిస్తుంది, ఆర్‌విలో ఉండే ప్రొపేన్ సున్నాకు 42 సెల్సియస్ డిగ్రీల దిగువన కూడా ఆవిరవుతుంది కనుక ఆ భయం లేదు. గంటకు 30,000 బీటీయూల (బీటీయూ అంటే వేడిని కొలిచే ప్రమాణం) ఫర్నేసు, అంటే ఆ గ్యాసు హీటరు, ఆగకుండా నడిస్తే మూడు గంటలకు ఒక గ్యాలను ఖర్చవుతుంది. పది గంటల రాత్రిలో అది సగంసేపు నడిచిందనుకుంటే రెండు గ్యాలన్లకు లోపే. గ్యాసు కన్నా ముందు అయిపోయేది బ్యాటరీ, ఎందుకంటే వేడిగాలిని తోసే ఫ్యాను దాని మీదే తిరుగుతుంది. అందుకే చలి రాత్రుళ్లు కరెంటు కనెక్షన్ ఉన్న ఆర్‌వి పార్కులోనే ఆగండి.

వంట పొయ్యితో గది వెచ్చబెట్టుకోవడం మాత్రం ఎన్నడూ వద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. పడుకునే ముందు దాని అలారం మీట నొక్కి మోగుతుందో లేదో చూసుకోండి. కిటికీల తడికి కారణం మీ ఊపిరి, మీ ఇడ్లీ పాత్ర. ఆ ఆవిరికి బయటికి దారి లేక చల్లని అద్దం మీద నీరవుతోంది. వంట చేసేటప్పుడు ఫ్యాను వేసి, రాత్రి పైకప్పు కిటికీని రెండు వేళ్ల మందం తెరిచి ఉంచండి. కొంత వేడి పోతుంది, కానీ పరుపుల అడుగున బూజు పట్టదు.