పిన్నికి వచ్చింది, నాకూ పరీక్ష అవసరమా?

ప్రశ్న: మా అమ్మ 46వ ఏట అండాశయ క్యాన్సర్‌తో చనిపోయింది. ఆమె చెల్లెలు, మా పిన్ని, 43 ఏళ్ల వయసులో రొమ్ము క్యాన్సర్‌కు చికిత్స పొందుతోంది. నాకు 31. మా ఊరి ఆరోగ్య కేంద్రంలో పరీక్షించి గడ్డలేమీ లేవన్నారు. జన్యు పరీక్ష సంగతి అడిగితే తమకు తెలియదన్నారు. అమ్మానాన్నలది మేనరికం కనుకనే ఇలా జరిగిందని బంధువులు అంటున్నారు. నేను ఏం చేయాలి?
– ఒక సోదరి, పార్వతీపురం మన్యం జిల్లా

జవాబు: గడ్డ లేదన్న మాట నిజమే కావచ్చు గాని, మీరు అడిగినదానికి అది సమాధానం కాదు. 30 ఏళ్లు దాటినవారి కోసం ఆశా కార్యకర్త నింపే పత్రంలో కన్నవారికి, తోబుట్టువులకు రక్తపోటు, మధుమేహం, గుండెజబ్బు ఉన్నాయా అని అడుగుతారు. కుటుంబంలో క్యాన్సర్ ఉందా అన్న ప్రశ్న మాత్రం లేదు. నా దృష్టిలో పెద్ద లోటు ఇదే.

అక్కచెల్లెళ్లిద్దరికీ చిన్న వయసులోనే ఈ జబ్బులు వచ్చాయంటే బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 జన్యువుల్లో, ఈ రెండు క్యాన్సర్ల ముప్పును పెంచే వంశపారంపర్యమైన మార్పు ఉందేమోనని అనుమానించాలి. అలాంటి మార్పు తల్లిదండ్రుల్లో ఒక్కరికి ఉన్నా ప్రతి బిడ్డకూ సంక్రమించే అవకాశం సగం. కనుక మేనరికాన్ని తప్పుపట్టనక్కరలేదు.

అయితే పరీక్ష మొదట చేయించవలసింది మీకు కాదు, మీ పిన్నిగారికి. ఆమెలో మార్పు దొరికితే మీలో దానినొక్కదానినే వెతకవచ్చు, అది మీలో లేదని తేలితే ఆ ఫలితాన్ని నిశ్చింతగా నమ్మవచ్చు. నేరుగా మీకే చేస్తే, ఏమీ కనబడకపోయినా సందేహం మిగిలే ఉంటుంది. పైగా కొన్ని మందులు ఈ మార్పు ఉన్నవారికే బాగా పనిచేస్తాయి కనుక, ఫలితం ఆమె చికిత్సకూ ఉపయోగపడవచ్చు. అందుచేత ఆమెకు వైద్యం చేస్తున్న క్యాన్సర్ వైద్యుణ్ణే ముందు అడగండి; హైదరాబాదు నిమ్స్‌లో వైద్య జన్యుశాస్త్ర విభాగం కూడా ఉంది.

రక్త నమూనాను ఎంత దూరమైనా పంపవచ్చు. ఊళ్లో దొరకనిది పరీక్షకు ముందూ తరువాతా ఎదురుగా కూర్చోబెట్టి వివరించే మనిషి. ఆ సలహా లేకుండా డబ్బు కట్టి పరీక్ష చేయించుకోవద్దు. ఎందుకంటే హానికరమో కాదో తేలని మార్పు ఉన్నట్లు నివేదిక రావడం అరుదేమీ కాదు. దాన్ని చూసి అండాశయాలు తీయించుకోవడం వంటి నిర్ణయాలు తీసుకోకూడదు.

మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యుడు చేయగలిగిన పని ఒకటుంది. మూడు తరాలలో ఎవరికి ఏ క్యాన్సర్ ఏ వయసులో వచ్చిందో, మగవారిని కూడా కలిపి, కాగితం మీద రాసుకుని వెళ్లి, దాని ఆధారంగా జన్యు సలహా కోసం సిఫారసు లేఖ రాయించుకోండి. అమ్మగారి బయాప్సీ నివేదిక ఇంట్లో ఉంటే దాన్నీ జతచేయండి.