మడమ నొప్పికి డిటాక్స్ ప్యాడ్‌లు దండగ

టీచర్ గారూ, పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో మేకు దిగినట్టుంటోందని, నాలుగడుగులు నడిస్తే సర్దుకుంటోందని రాశారు. ఇవి చాలావరకు ప్లాంటార్ ఫేషియైటిస్ లక్షణాలే. మడమ నుంచి వేళ్ల దాకా అరికాలి కింద పట్టీలా ఉండే గట్టి కణజాలం దెబ్బతింటే ఇలా అవుతుంది. ఒంట్లో విషాలు లాగేస్తాయంటూ రాత్రి అరికాలికి అంటించుకోమని అమ్మే డిటాక్స్ ప్యాడ్‌ల గురించి అడిగారు, వాటికి డబ్బు తగలేయకండి. అవి తెల్లారేసరికి నల్లబడేది పాదం చెమ్మ తగిలి, విషాలు లాగి కాదు.

మంచం దిగకముందే నొప్పి కాలిని రెండో తొడ మీద వేసుకుని, కాలివేళ్లను చేత్తో మీ వైపుకు వెనక్కి వంచండి. ఇంకో చేత్తో అరికాలు నొక్కి చూడండి, పట్టీ గట్టిగా బిగిసినట్టు తెలియాలి. లేదంటే ఇంకాస్త వంచాలి. 10 సెకన్లు ఉంచి వదలండి; 10 సార్లు, రోజుకు 3 పూటలు. గోడకు చేతులానించి పిక్కలు కూడా సాగదీయండి. పిక్క బిగిస్తే ఆ లాగుడు మడమ మీదే పడుతుంది.

ఇంట్లో గ్రానైట్ మీద వట్టికాళ్లతో తిరగొద్దు (పూజగది సంగతి మీ ఇష్టం). అరిగిన హవాయి చెప్పులు పారేయండి. నడుము కూడా పట్టేస్తోందన్నారు కదా, అది కుంటుతూ నడవడం వల్ల కూడా కావచ్చు.

తగ్గడానికి నెలలు పట్టొచ్చు. తిమ్మిరి, వాపు, రాత్రిపూట నొప్పి ఉంటే మాత్రం ముందు ఎముకల డాక్టరుకు చూపించండి. షుగర్ ఉంటే వేడినీళ్ల కాపడం అసలొద్దు, స్పర్శ తగ్గిన పాదానికి చర్మం కాలినా తెలియదు.