‘నీటి పరిష్కారాలు’ అంటే ఏమిటి?

సందేహం: కొన్నేళ్లుగా పత్రికల ప్రకటనల్లోనూ హోర్డింగుల మీదా ‘నీటి పరిష్కారాలు’, ‘గృహ పరిష్కారాలు’, ‘అద్భుతమైన నిద్ర అనుభవం’, ‘సుస్థిర వస్త్రాలు’, ‘కేవలం 999 రూపాయలకు మాత్రమే’ వంటి మాటలు విపరీతంగా కనిపిస్తున్నాయి. చదివినప్పుడల్లా చిరాకు వేస్తోంది. భాష మారుతూనే ఉంటుంది, నీకే అలవాటు కాలేదని మా అబ్బాయి అంటాడు. ఇవి వ్యాకరణరీత్యా తప్పులా, లేక నాకు రుచించకపోవడమేనా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

సమాధానం: మీ అబ్బాయి చెప్పినదాంట్లో నిజం ఉంది. భాష మారుతుంది, మారాలి కూడా. ‘ఆఫర్’, ‘డిస్కౌంట్’, ‘ఈఎంఐ’ ఇంగ్లీషు నుంచి వచ్చాయని నాకు ఏ అభ్యంతరమూ లేదు. బట్టల దుకాణం ముందు ‘ఆషాఢం ఆఫర్’ అని రాస్తే తెలుగువాళ్లలో అర్థం కానివారుండరు. ఆ నెలలో పెళ్లిళ్లు ఉండవు, బేరాలు పలచబడతాయి, శ్రావణం వచ్చేలోగా పాత సరుకు వదిలించుకోవాలి. ఇంత సంగతీ ఆ రెండు మాటల్లో ఉంది. మీరు ఉదహరించిన మాటలు అలాంటివి కావు. అవి చాలావరకు మన నిఘంటువుల్లో ఎప్పటినుంచో ఉన్న తత్సమాలే. కానీ వాటిని కూర్చిన తీరు మనది కాదు. అందువల్ల రాసినవారు ఒకటి అనుకుంటే చదివేవారికి మరొకటి స్ఫురిస్తుంది. మీ చిరాకుకు కారణం అదే, అది న్యాయమైన చిరాకు.

‘పరిష్కారం’ తీసుకోండి. తెలుగులో ఈ మాటకు స్థిరపడిన వాడుకలు రెండు. ఒకటి పండితులది. చెదలు తిన్న తాళపత్ర ప్రతులను ఒకదానితో ఒకటి పోల్చి, లేఖకుల తప్పులు తొలగించి, శుద్ధపాఠం నిర్ణయించడం గ్రంథ పరిష్కారం. బ్రౌన్ దొర పండితులకు జీతాలిచ్చి చేయించిన పనీ, వేటూరి ప్రభాకరశాస్త్రిగారు ఎంతో శ్రమపడి చేసిన పనీ ఇదే. రెండో వాడుక అందరిదీ: వివాద పరిష్కారం, తగాదా పరిష్కారం, ఫిర్యాదుల పరిష్కారం. ఈ రెండింటికీ సమానమైన లక్షణం ఒకటుంది. ‘పరిష్కారం’ ముందు నిలిచే మాట చక్కబెట్టవలసినదాన్నో, తీర్చవలసినదాన్నో చెబుతుంది. సమాసం విప్పితే ‘వివాదాన్ని పరిష్కరించడం’, ‘గ్రంథాన్ని పరిష్కరించడం’ అని వస్తుంది. అదే వరసలో ‘నీటి పరిష్కారం’ విప్పండి. నీరే తగాదా అయి కూర్చుంటుంది!

తెలుగులో క్రియ నుంచి పుట్టిన నామానికి ముందు ఒక పేరు వస్తే, సాధారణంగా దాన్ని కర్మగానే అన్వయించుకుంటాం: ధాన్యం కొనుగోలు, పన్నుల వసూలు, చెరువు పూడికతీత. ‘పోలీసు విచారణ’ వంటివీ ఉన్నాయి, అక్కడ మొదటి పేరు కర్త. నీరు, ఇల్లు దేన్నీ పరిష్కరించే కర్తలు కావు కనుక ఆ దారీ మూసుకుపోయింది. ఇంగ్లీషులో ‘వాటర్ సొల్యూషన్స్’ అంటే రెండు పేర్ల మధ్య సంబంధం వదులుగా ఉంటుంది, నీటికి సంబంధించిన ఏవో ఏర్పాట్లని సరిపెట్టుకోవచ్చు. మన సమాసంలో ఆ వదులు లేదు. ‘వృద్ధుల పరిష్కారాలు’ అని ఒక కరపత్రం మీద చూసినప్పుడు నాకు నిజంగా మనసు కలుక్కుమంది. వృద్ధులకు ఇంటి దగ్గరే సేవలందించే సంస్థ అది. మంచి పనే చేస్తోంది. ఆ శీర్షిక మాత్రం తల్లిదండ్రులను తీర్చుకోవలసిన చిక్కుగా చూపిస్తోంది. ‘పెద్దలకు ఇంటి వద్దే సేవలు’ అంటే ఎంత బాగుండేది!

ఇదివరకు ఊళ్లలో ‘ఇచ్చట మోటార్లు రిపేరు చేయబడును’ అని బోర్డులుండేవి. కర్మణి ప్రయోగం తెలుగుకు సహజం కాదని భాషాభిమానులు వాటిని తప్పుపట్టేవారు. అది సరైన విమర్శే. అయినా ఆ బోర్డు చదివిన మనిషికి లోపల ఏం చేస్తారో తెలిసేది. ‘నీటి పరిష్కారాలు’ అన్న దుకాణంలో శుద్ధియంత్రాలు అమ్ముతారా, ట్యాంకులు అమ్ముతారా, బోర్లు వేస్తారా? లోపలికి వెళ్లి అడిగితే తప్ప తెలియదు.

ఇక ‘అనుభవం’. పనిలో సంపాదించిన నేర్పును అనుభవం అంటాం. సుఖదుఃఖాలను అనుభవిస్తాం, ముఖ్యంగా చేసుకున్న కర్మను, పడిన శిక్షను. భూమి రికార్డులతో పని ఉన్న రైతుకు ఇంకో అర్థమూ బాగా తెలుసు. అడంగల్లో, పహాణీలో పట్టాదారు పక్కన అనుభవదారు గడి ఉండేది, అంటే భూమి ఎవరి స్వాధీనంలో ఉందో చెప్పేది. ఇన్ని అర్థాలున్న మాటను పరుపుల ప్రకటనలో నిద్రకు జోడిస్తే ఏ అర్థమూ అతకదు. తెలుగులో నిద్ర పడుతుంది, కంటి నిండా నిద్రపోతాం, ఒళ్లు తెలియకుండా నిద్రపోతాం. ఇంత చక్కని పలుకుబడులు చేతిలో ఉండగా ‘నిద్ర అనుభవాన్ని పొందండి’ అనడం దేనికి? ప్రకటన ముందు ఇంగ్లీషులో తయారై, ఒకేసారి పది భాషల్లోకి వెళ్లవలసి రావడం వల్ల చాలాసార్లు ఇలా జరుగుతుంది. అనువాదకుడికి సరుకు చూపించరు, వ్యవధి ఇవ్వరు. మాటకు మాట పెట్టి పంపేస్తాడు. తప్పంతా అతని మీద వేయలేను.

‘సుస్థిర వస్త్రాలు’ మరీ చిక్కైనది. సుస్థిరం అంటే బాగా స్థిరమైనది: సుస్థిర ప్రభుత్వం, సాహిత్యంలో సుస్థిర స్థానం. ‘సుస్థిర అభివృద్ధి’ కూడా నిలకడగా సాగే అభివృద్ధి అన్న అర్థంలో కుదిరింది. చీరకు ఆ మాట తగిలిస్తే కొనేవారు రంగు వెలవదని, త్వరగా చిరగదని అనుకుంటారు. అమ్మేవారి ఉద్దేశం పర్యావరణానికి హాని లేకుండా నేశామని. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024లో ఈ విషయం మీదే మార్గదర్శకాలు తెచ్చింది. ‘సహజం’, ‘ఆర్గానిక్’, పర్యావరణహితం వంటి మాటలను తగిన వివరణ, ఆధారం లేకుండా వాడకూడదన్నది వాటి సారాంశం. చట్టం అడిగేదీ భాష అడిగేదీ ఇక్కడ ఒకటే: దేన్ని ఉద్దేశించి అంటున్నారో చెప్పండి. నూలు సేంద్రియ పత్తిదైతే సేంద్రియ పత్తి అనండి, అద్దకం చెట్ల రంగులతో అయితే ఆ మాటే రాయండి.

ఇదే సంస్థ 2022 మార్గదర్శకాల్లో భాష గురించి ఒక ముఖ్యమైన నియమం ఉంది. ప్రకటనలో హామీ ఏ భాషలో ఉంటే, దాని మినహాయింపుల వివరణ కూడా ఆ భాషలోనే ఉండాలి. తెలుగులో ఊరించి, అసలు సంగతి కింద ఇంగ్లీషులో చెప్పడం కుదరదన్నమాట. మీకు అలాంటి ప్రకటన కనబడితే చిరాకుపడి ఊరుకోనక్కర్లేదు, ఫిర్యాదు చేయవచ్చు.

మన వ్యాపారుల భాష మొదటినుంచీ ఇంత పొల్లు కాదు. నగల దుకాణంలో ‘తరుగు’, ‘మజూరీ’ అనే రెండు మాటలు చాలు, ధర ఎక్కడ పెరుగుతోందో తేలిపోతుంది. ‘916’ అంటే వెయ్యి పాళ్లలో 916 పాళ్లు మేలిమి, అంటే 22 క్యారెట్లు. ‘ఆత్రేయపురం పూతరేకులు’, ‘పోచంపల్లి ఇక్కత్’ అనడమూ అంతే. రెండింటికీ భౌగోళిక గుర్తింపు ఉంది కనుక ఆ ఊరి పేరుకు జవాబుదారీ ఉంది. ఇవీ సరుకును పొగిడే మాటలే. కానీ నిజమా కాదా అని నిలదీయడానికి వీలున్న పొగడ్తలు. ‘వైభవోపేతమైన జీవనశైలికి నూతన నిర్వచనం’ అన్న వాక్యాన్ని ఏమని నిలదీస్తాం?

‘కేవలం 999 రూపాయలకు మాత్రమే’ సంగతి చిన్నది. అది పునరుక్తి. ‘కేవలం’ ఒక హద్దు, ‘మాత్రం’ అదే హద్దు, దాని చివరి ఏకారం మూడోసారి అదే హద్దు. నొక్కి చెప్పడానికి తెలుగులో ఆ ఏకారం ఒక్కటే సరిపోతుంది: ‘999 రూపాయలకే’.