వెల్లకిలా దూకే ముందు కింద ఫోమ్ ఉందో లేదో చూసుకోండి

ప్రశ్న: మాది తెనాలి. బీబీఏ చివరి ఏడాది చదువుతున్నాను. నాన్నకు ఇరవై ఏళ్లుగా టిఫిన్ సెంటర్ ఉంది. ఇడ్లీ, దోసె పిండిని ప్యాకెట్లలో అమ్మాలని నా ఆలోచన. హైజంప్‌లో అందరూ దూకినట్టు కాకుండా తన పద్ధతిలో దూకి ఒలింపిక్ స్వర్ణం గెలిచిన డిక్ ఫాస్‌బరీ గురించి ఈమధ్య ఒక సెమినార్‌లో చెప్పారు. నేనూ అలాగే చదువు ఆపేసి, ఆరు లక్షలు అప్పు తెచ్చి గ్రైండర్లు, ప్యాకింగ్ మెషీన్ పెట్టాలనుకుంటున్నాను. నాన్న ససేమిరా అంటున్నారు. ఆయన్ను ఎలా ఒప్పించాలి?

జవాబు: ఫాస్‌బరీ దగ్గర నేర్చుకోవలసింది చాలా ఉంది. కానీ సెమినార్లలో 1968 మెక్సికో సిటీ గురించే చెబుతారు. 2.24 మీటర్లు, ఒలింపిక్ రికార్డు, స్వర్ణం. మీకు పనికొచ్చేదంతా అంతకుముందు అయిదేళ్లలో ఉంది.

ఆ రోజుల్లో హైజంప్ వీరులంతా స్ట్రాడిల్ పద్ధతిలో దూకేవారు. అంటే అడ్డంగా పెట్టిన బార్ మీదుగా బోర్లా దొర్లినట్టు దాటడం. అమెరికాలోని ఆరెగన్ రాష్ట్రంలో, మెడ్‌ఫర్డ్ హైస్కూల్లో చదువుతున్న ఫాస్‌బరీకి అది ఎంతకీ పట్టుబడలేదు. దాంతో చిన్నప్పుడు నేర్చిన సిజర్స్ పద్ధతికి వెళ్లాడు. నిటారుగా ఉండి, కాళ్లను కత్తెరలా ఒకదాని వెనక ఒకటి దాటించే పాత పద్ధతి అది. 1963లో గ్రాంట్స్ పాస్ ఊళ్లో జరిగిన పోటీలో, నడుము బార్‌కు తగలకుండా ప్రతి దూకుకూ భుజాలు కాస్త వెనక్కి వాల్చుతూ పోయాడు. 5 అడుగుల 4 అంగుళాలు దాటే కుర్రాడు ఆ ఒక్క రోజే 5 అడుగుల 10 అంగుళాలకు చేరాడు. తర్వాత పరుగును వంపు తిప్పాడు, వీపును బార్ వైపు పెట్టాడు. పూర్తిగా వెల్లకిలా దూకడం అలా మెల్లగా వచ్చింది. వీపు విల్లులా వంగినప్పుడు నడుము బార్ పైన ఉంటుంది, తల, కాళ్లు కిందికి ఉంటాయి. అందువల్ల శరీర బరువు కేంద్రం బార్ కిందుగా వెళ్లినా మనిషి దాటేస్తాడు.

ఆయనకు బాగా వచ్చిన పాత పద్ధతిలోంచే కొత్తది పుట్టిందన్నది గమనించండి. మీకు ఆ సిజర్స్ మీ నాన్నగారి కొట్టే. పప్పు ఎంతసేపు నానాలో, పిండి ఎప్పుడు పొంగుతుందో ఆయన చేతికి తెలుసు. పైగా పొద్దుటి టిఫిన్ల రద్దీ తగ్గాక ఆ గ్రైండర్ చాలాసేపు ఖాళీగానే ఉంటుంది. కొత్త మెషీన్ మాట ఎత్తేముందు ఆ ఖాళీ గంటలు వాడుకోండి.

రెండోది, కింద ఏముందన్నది. రంపపు పొట్టు, ఇసుక పోసిన గుంటలో మెడ, వీపు మీద పడితే మనిషి మంచాన పడతాడు. మెడ్‌ఫర్డ్ హైస్కూల్లో ఆ ఏడాదుల్లోనే ఫోమ్ పరుపు వచ్చింది. అది లేకపోతే ఆ దూకు ఎక్కువ కాలం సాగేది కాదు. ఆరు లక్షల అప్పుతో మొదలుపెట్టడమంటే ఇసుకలో వెల్లకిలా పడటమే. పిండి అమ్మినా అమ్మకపోయినా వాయిదా ఆగదు. మీ ఫోమ్ మీ డిగ్రీ, నాన్నగారి కొట్టు ఆదాయం. ఆ రెండింటినీ కదపకండి. ఫాస్‌బరీ కూడా స్వర్ణం గెలిచాక సివిల్ ఇంజినీరింగ్ పూర్తిచేశాడు. ఐడహోలో ఇంజినీరింగ్ సంస్థ పెట్టి దాని మీదే బతికాడు.

ఇక చేయవలసిన పని. పరీక్షలు పాడవకుండా వారానికి మూడు రోజులు, రోజుకు కిలో ప్యాకెట్లు ఇరవై చాలు. ఒక వంతు మినప్పప్పు, రెండు వంతులు ఇడ్లీ రవ్వ లెక్కన కిలో పప్పుకు నీళ్లతో కలిపి సుమారు ఆరు కిలోల పిండి వస్తుంది. మీ కొలత మీరే తూచి రాసుకోండి. అమ్మేముందే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతను చూసే కేంద్ర సంస్థ) రిజిస్ట్రేషన్ తీసుకోండి. ప్యాకెట్ మీద ఆ నంబరు, నికర బరువు, ఎంఆర్‌పీ, ప్యాక్ చేసిన తేదీ, ఎప్పటిలోగా వాడాలో, మీ చిరునామా ఉండాలి.

ఈ వ్యాపారంలో దెబ్బ తగిలేది పులుపు దగ్గర. ప్యాక్ చేశాక కూడా పిండి పులుస్తూనే ఉంటుంది, గాలి పుట్టి కవరు బెలూన్‌లా ఉబ్బుతుంది. అందుకే పూర్తిగా పొంగకముందే నింపాలి, కవర్లో పావు వంతు ఖాళీ వదలాలి, వెంటనే 4 డిగ్రీల చల్లదనంలో పెట్టాలి. మే నెలలో మన ఎండలకు బండి మీద గంట తిప్పినా చాలు, కవరు ఉబ్బడం మొదలవుతుంది. కాబట్టి ఐస్ పెట్టిన డబ్బా తప్పనిసరి. కరెంటు బిల్లు భయంతో రాత్రి ఫ్రిజ్ ఆపేసే షాపులుంటాయి. తెల్లారి పుల్లబడిన పిండికి తిట్లు మీకే. అందుకే మొదటి నెల షాపులకు వేయకండి, నేరుగా ఇళ్లకే ఇవ్వండి.

హైజంప్‌లో వరసగా మూడుసార్లు విఫలమైతే పోటీలోంచి బయటికే. ఫాస్‌బరీ కూడా 2.24 దగ్గర రెండుసార్లు తప్పి మూడోసారి దాటాడు. మీరూ ముందే మూడు విడతలు పెట్టుకోండి. ఒక్కోటి నెల రోజులు, నష్టం పదివేలు దాటకూడదు. మొదటి నెల చుట్టుపక్కల ఇళ్లు, రెండో నెల ఒక అపార్ట్‌మెంట్, మూడో నెల ఫ్రిజ్ ఆపని రెండు షాపులు. మూడూ తప్పితే నష్టం ముప్ఫైవేల దగ్గర ఆగిపోతుంది, డిగ్రీ చేతిలో ఉంటుంది.

నాన్నగారిని ఒప్పించే సంగతి. కాలేజీలో ఫాస్‌బరీ కోచ్ బెర్నీ వాగ్నర్ కూడా మొదట ఆయన్ను స్ట్రాడిల్ వైపే తిప్పాలని చూశాడు. ఒకసారి ఫిల్మ్ తీసి చూస్తే ఆరున్నర అడుగుల బార్ మీద ఇంకా అర అడుగు ఖాళీ కనిపించింది. ఆ తర్వాత ఆయనే అండగా నిలిచాడు. మీ నాన్నగారి ముందు ఉపన్యాసం వద్దు, నోటుపుస్తకం పెట్టండి. ఇచ్చిన ప్యాకెట్లు, ఉబ్బి తిరిగొచ్చినవి, రెండోసారి అడిగిన ఇళ్లు, పప్పు, రవ్వ, కవరు, ఐస్, పెట్రోలు ఖర్చు. మీ పని గంటలకు కూలీ కూడా వేయండి. చాలామంది అది మరిచిపోయి లాభం వచ్చిందనుకుంటారు. పది ఇళ్లలో ఆరు రెండో వారం కూడా అడిగితే మాట్లాడటానికి మీకు ఆధారం ఉన్నట్టే.

ఆయన పద్ధతి పాతదని మాత్రం అనకండి. ఫాస్‌బరీ ప్రపంచ రికార్డు ఏనాడూ బద్దలు కొట్టలేదు. మెక్సికో నాటికి ఆ రికార్డు వలేరీ బ్రూమెల్‌ది, 2.28, అదీ స్ట్రాడిల్‌తోనే. 1972 మ్యూనిక్‌లో చాలామంది వెల్లకిలా దూకినా స్వర్ణం గెలిచిన యూరి టర్మాక్‌ది స్ట్రాడిలే. మీ టిఫిన్ సెంటర్ కూడా ఇంకా చాలా ఏళ్లు గెలవగలదు.

మూడు నెలల లెక్కలు బాగుంటే అప్పుడు అప్పు గురించి ఆలోచించవచ్చు. ముద్ర పథకంలో శిశు విభాగం కింద 50 వేల వరకు ఇస్తారు. ఆ డబ్బుతో ముందు కొనాల్సింది మంచి ఫ్రిజ్. పిండి కలిపే రుచి మీ ఇంట్లోనే ఉంది, దాన్ని చల్లగా దాచే వసతే ఇంకా లేదు.