కాన్సాస్ పొలాలు పైనుంచి గళ్ళు గళ్ళుగా ఎందుకుంటాయి? ఊళ్ళు ఏమయ్యాయి?

విమానంలోంచి చూస్తే అమెరికా మధ్యలో నేలంతా గళ్ళ దుప్పటిలా, ఆ గళ్ళలో పచ్చటి చక్రాలు ఎందుకున్నాయి, ఊళ్ళేవీ కనపడవేం అని అడిగారు. ఉద్యోగం పుణ్యమా అని రెండేళ్ళు పశ్చిమ కాన్సాస్‌లో ఉన్నాను. మాది కృష్ణా డెల్టాలో వరి పండించే ఇల్లు. పొలం కనపడితే కారు ఆపే జబ్బు ఉంది.

అక్కడ రైతు రాకముందే పొలానికి గీత పడింది. అంతకుముందున్న తెగలను తరిమేసి, 1785 నాటి చట్టం పద్ధతిలో నేలను మైలు పొడవు, మైలు వెడల్పు ముక్కలుగా కొలిచారు. ఒక్కోటి 640 ఎకరాలు. అందులో పావు వంతు, అంటే 160 ఎకరాలు, ఐదేళ్ళు ఉండి సాగు చేసినవాళ్ళకి 1862 హోమ్‌స్టెడ్ చట్టం కింద దక్కింది. మైలుకో మట్టిరోడ్డు, గీసినట్టు ఉంటుంది. మా ఊళ్ళో కాలవ ఎటు తిరిగితే గట్టూ అటే. అక్కడ వంకర కనపడిందంటే అది వాగే.

చక్రాల సంగతి తేలిక. ఆ 160 ఎకరాల చదరం మధ్యలోంచి పావు మైలు పొడవు పైపు టైర్ల మీద గుండ్రంగా తిరుగుతూ తడుపుతుంది. 160లో సుమారు 125 ఎకరాలు తడిసి, నాలుగు మూలలూ మెట్టగా మిగులుతాయి. ఆ నీళ్ళు ఒగల్లాల అనే భూగర్భ జలాశయానివి. తోడినంత వేగంగా ఊరవు, చాలాచోట్ల బోర్లు చేతులెత్తేశాయి. గోధుమ మాత్రం చాలావరకు వానాధారమే.

ఇక ఊళ్ళు. మనకు ఇళ్ళన్నీ ఒకచోట, చుట్టూ పొలాలు. అక్కడ ఎవరిల్లు వారి చేలోనే. అందుకే పక్కవాడు పొలం కొనేస్తే ఇల్లూ పోతుంది. జూన్ కోతలప్పుడు ఒక పెద్దాయన నన్ను హార్వెస్టర్ ఎక్కించుకున్నాడు. ముందు కత్తెర బార్ 40 అడుగులు. స్టీరింగ్ శాటిలైట్ చూసుకుంటోంది, ఈయన శాండ్‌విచ్ తింటున్నాడు. తన చిన్నప్పుడు ఆ మైలు చదరంలో నాలుగు కుటుంబాలుండేవట, ఇప్పుడు మొత్తం ఆయనే చేస్తున్నాడు. మనకు పంజాబ్ నుంచి కోత మిషన్లు వచ్చినట్టే, అక్కడా టెక్సాస్‌లో మొదలుపెట్టి కెనడా సరిహద్దు దాకా పంట వెంబడే పోయే అద్దె మిషన్లున్నాయి. ఇక ఊళ్ళో మనుషులతో పనేముంది?

నడి గోధుమ చేలో ఒకచోట చెట్ల వరస కనపడితే దిగి వెళ్ళాను. తుప్పు పట్టిన గాలిమర, రెండు సిమెంటు మెట్లు. ఆ మెట్లెక్కితే ఏమీ లేదు, మళ్ళీ గోధుమే. ఆ చెట్లు ఒకప్పుడు ఇంటికి గాలి తగలకుండా ఉత్తరాన, పడమరన నాటినవి.

ఈసారి పగటి ఫ్లైట్ అయితే కిటికీ సీటు తీసుకోండి. మేస్త్రీ మూలమట్టం ఆకారంలో, చుట్టూ ఏమీ లేకుండా చెట్లు కనపడితే, చాలావరకు అది ఒక ఇంటి జాగానే.