రిపోర్టులన్నీ నార్మల్.. మరి ఈ గుండెదడ ఎందుకు?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 44 ఏళ్లు. ఉప్పల్‌లో ఉంటాం. అమీర్‌పేటలో ఒక బ్యాంకులో పనిచేస్తాను. ఏడాది క్రితం మా మామగారికి పక్షవాతం వచ్చింది. అప్పటి నుంచి ఆయన పనులన్నీ నేనే చూస్తున్నాను. ఆఫీసులో నెలాఖరు టార్గెట్లు సరేసరి. కొన్నాళ్లుగా తెల్లవారుజామున మూడింటికి గుండెదడతో మెలకువ వచ్చేస్తోంది. ఆఫీసుకు బయల్దేరే ముందు రెండు మూడుసార్లు విరేచనానికి వెళ్లాల్సి వస్తోంది. మెడ, భుజాలు పట్టేస్తున్నాయి. ఈసీజీ, థైరాయిడ్, షుగర్ నార్మల్. క్లినిక్‌లో బీపీ 146/92 ఉంది. ‘టెన్షన్ తగ్గించుకోండి’ అన్నారు. ఎలా తగ్గించుకోవాలి? బీపీ మాత్రలు మొదలుపెట్టాలా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: రిపోర్టులు నార్మల్‌గా ఉన్నంత మాత్రాన మీకు ఏమీ లేదని కాదమ్మా. మీ దడ నిజం, కడుపులో బాధ నిజం. ‘అంతా నీ భ్రమ’ అని ఎవరైనా అంటే ఆ మాట మనసుకు తీసుకోకండి.

ఆందోళన కలిగినప్పుడు మెదడు ఆదేశంతో మూత్రపిండాల పైనుండే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్, కార్టిసాల్ హార్మోన్లను వదులుతాయి. దాంతో గుండె వేగం, బీపీ పెరుగుతాయి, కండరాలు బిగుసుకుంటాయి. కాసేపు ఉండే ఆపదను తట్టుకోవడానికి శరీరం చేసుకున్న ఏర్పాటు ఇది. మీకు ఆ కాసేపు ఏడాదిగా సాగుతోంది. కార్టిసాల్ ఎవరిలోనైనా తెల్లవారుజాము నుంచే పెరగడం మొదలవుతుంది. ఆ వేళకు నిద్ర కూడా పలచబడుతుంది. అందుకే మనసులో బరువున్నవాళ్లకు సరిగ్గా అప్పుడే మెలకువ వస్తుంది. పేగులకూ మెదడుకూ నేరుగా నాడీ సంబంధం ఉంది కాబట్టి బయల్దేరే వేళకు కడుపు కదులుతుంది. మలంలో రక్తం పడినా, బరువు తగ్గుతున్నా, రాత్రి నిద్రలోంచి లేచి విరేచనానికి వెళ్లాల్సి వచ్చినా మాత్రం గ్యాస్ట్రోఎంటరాలజిస్టుకు చూపించుకోవాలి.

అయితే అన్నింటినీ ఒత్తిడి ఖాతాలో వేసేయడం నాకు ఇష్టం లేదు. మీ వయసులో నెలసరి ఆగిపోయే దశ మొదలవుతుంది. నెలసరి తేదీలు తప్పుతున్నాయా? ఒంట్లోంచి వేడి ఆవిర్లు వస్తున్నాయా? రాత్రిళ్లు చెమటలు పడుతున్నాయా? అలా ఉంటే దడకూ, నిద్ర చెడటానికీ హార్మోన్లు కూడా కారణం కావచ్చు. గైనకాలజిస్టును కలవండి. రక్తస్రావం ఎక్కువగా ఉంటే రక్తహీనత వల్ల కూడా దడ వస్తుంది. మీరు పంపిన జాబితాలో హిమోగ్లోబిన్ కనిపించలేదు, చేయించండి.

బీపీ మాత్రల సంగతి ఒక్క రీడింగుతో తేల్చకూడదు. మోచేతికి పైన కట్టే డిజిటల్ మెషిన్‌తో ఇంట్లో వారం రోజులు ఉదయం, సాయంత్రం రెండేసి సార్లు చూసుకుని రాసుకోండి. వెన్ను ఆనించి అయిదు నిమిషాలు కూర్చున్నాకే చూడాలి. కాఫీ తాగిన వెంటనే, మామగారిని లేపి కూర్చోబెట్టిన వెంటనే వద్దు. మొదటి రోజువి వదిలేసి మిగతావాటి సగటు తీయండి. అది 135/85 లేదా అంతకు మించి ఉంటే చికిత్స గురించి మాట్లాడాల్సిందే.

ఇక ఒత్తిడి. మీ లేఖ మొత్తంలో మీకు సాయం చేసేవాళ్ల ప్రస్తావనే లేదు. నా దృష్టిలో మీకు మొదటి మందు ఆ సాయమే. మోసే బరువు తగ్గించకుండా టెన్షన్ తగ్గించుకోమంటే ఎవరికైనా కుదరదు. మీ భర్త, ఆడపడుచులు, మరుదులు అందరూ ఒకచోట కూర్చుని రాత్రి ఎవరు లేస్తారో, ఫిజియోథెరపీకి ఎవరు తీసుకెళ్తారో, ఆదివారం ఎవరు ఉంటారో కాగితం మీద రాసుకోండి. స్తోమత ఉంటే రోజుకు కొన్ని గంటలు అటెండెంటును పెట్టుకోండి. సాయం అడిగితే కోడలిగా లోటు చేసినట్టు కాదు. మీరు పడిపోతే ఆయన్ని చూసేదెవరు?

మూడింటికి మెలకువ వస్తే ఫోను ముట్టుకోకండి. ఎంతసేపటికీ నిద్ర రాకపోతే లేచి, తక్కువ వెలుతురులో కూర్చుని, కళ్లు బరువెక్కాక పడుకోండి. ఆలస్యంగా నిద్రపట్టినా రోజూ ఒకే వేళకు లేవండి. మధ్యాహ్నం రెండు దాటాక టీ, కాఫీ మానేయండి. కెఫీన్ అయిదారు గంటల తర్వాత కూడా సగం దాకా ఒంట్లోనే ఉంటుంది. ఉప్పల్ నుంచి అమీర్‌పేటకు మెట్రోలో వెళ్తుంటే ఆ సమయం మీదే. నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలండి. అయిదు నిమిషాలు చాలు. వారంలో అయిదు రోజులు అరగంట వేగంగా నడిస్తే నిద్రకూ, బీపీకీ, మనసుకూ మేలు. కాలనీలో వీలుకాకపోతే మేడ మీదైనా నడవండి.

ఎవరో ఇచ్చారని నిద్రమాత్రలు, ఆల్‌ప్రజోలం లాంటివి వేసుకోకండి. త్వరగా అలవాటు పడిపోతారు, ఆపడం కష్టమవుతుంది. రెండు వారాలకు పైగా దేని మీదా ఆసక్తి లేకపోయినా, ఊరికే ఏడుపు వస్తున్నా సైకియాట్రిస్టును కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. బతకాలని లేదనే ఆలోచన వస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఆగకండి.

ఛాతీలో బరువు, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకడం, చల్లని చెమటలు, ఆయాసం కనిపిస్తే ఇది టెన్షనేలే అనుకోకుండా 108కి ఫోన్ చేయండి. ఆడవాళ్లలో గుండెపోటు ఒక్కోసారి వికారం, ఆయాసంతోనే మొదలవుతుంది.

వారం తర్వాత బీపీ రాసుకున్న కాగితం, హిమోగ్లోబిన్ రిపోర్టు పట్టుకుని మీ ఫిజీషియన్ దగ్గరికి వెళ్లండి. ఈసారి మీ భర్తను కూడా వెంట తీసుకెళ్లండి.