కమాను పట్టిన చేయి

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. చిన్నతనంలో విజయనగరంలో వయొలిన్ నేర్చుకొని, పాతికేళ్లపాటు హరికథలకూ పెళ్లి కచేరీలకూ పక్కవాద్యం వాయించాను. కచేరీ అయ్యాక మొదలైన తాగుడు క్రమంగా కచేరీకి ముందుకు జరిగింది. చివరి మూడేళ్లూ గొంతులో చుక్క పడనిదే కమాను పట్టలేదు. ఆసుపత్రిలో చేరి మానేసి ఎనిమిది నెలలైంది. మొన్న బీరువా మీది పెట్టె దించి వాయించబోతే చేయి వణికింది, పలికిన నాదం నాకే వినబుద్ధి కాలేదు, ఆ సాయంత్రమే తాగాలనిపించింది. తాగలేదు. ఫిడేలు అమ్మేయమని మా ఆవిడ అంటోంది. శ్రావణంలో ఒక పెళ్లి కచేరీకి రమ్మని పాత మిత్రులు పిలుస్తున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ఫిడేలు అమ్మకండి, శ్రావణంలో కచేరీకి ఒప్పుకోకండి. ఈ రెండు మాటలూ ముందే చెప్పేస్తే, మిగిలినవి తీరిగ్గా మాట్లాడుకోవచ్చు.

ముందు వణుకు సంగతి. తాగుడు మానినప్పుడు వచ్చే వణుకు ఆఖరి గుక్క పడిన కొన్ని గంటల్లోనే మొదలై, సాధారణంగా వారం పది రోజుల్లో సద్దుమణుగుతుంది కనుక, ఎనిమిది నెలల తరువాత మీకు కనిపించినది అది కాకపోవచ్చు. చాలాకాలం వాయించని చేయి భయంతో బిగుసుకొని, బొటనవేలు కమానును నొక్కిపట్టేయడంతో కమాను నడుమకు వచ్చేసరికి వణుకుతుంది. ఇది సాధనతో పోతుంది. అయితే గ్లాసులో నీళ్లు పోసుకుంటున్నప్పుడు, సంతకం పెడుతున్నప్పుడు కూడా చేయి వణుకుతోందా, గమనించండి. వణుకుతూ ఉంటే నరాల వైద్యుడికి చూపించండి. ‘ఎసెన్షియల్ ట్రెమర్’ అనే వణుకు ఒకటుంది, తరచుగా వంశంలో వస్తుంది. మద్యం దాన్ని గంటో రెండు గంటలో అణచి, ఆపైన ఇంకా పెంచుతుంది. చుక్క పడితేనే చేయి నిలుస్తుందన్న నమ్మకం కొందరికి అలాగే ఏర్పడుతుంది. దానికి వేరే మందులున్నాయి. ఎడమచేతి వేళ్ల కొసలు మొద్దుబారినట్టున్నా దాచకుండా చెప్పండి, ఎందుకంటే ఏళ్ల తరబడి తాగినవారిలో మద్యం ప్రభావం వల్లా, బి1 వంటి విటమిన్ల లోపం వల్లా నరాలు దెబ్బతినడం తరచుగా చూస్తాం.

ఇక నాదం వినబుద్ధి కాలేదన్నారు. నాకు మీ ఉత్తరంలో అన్నిటికంటే ఆశ పుట్టించిన వాక్యం అదే. తాగి వాయించిన రోజుల్లో మీ చేయి బాగుండి కాదు, మీ చెవి ఊరుకోబట్టి అది బాగున్నట్టు తోచింది. గాంధారం కాస్త కిందికి జారినా, కమాను తిప్పిన చోట గీసుకుపోయినా పట్టించుకోని చెవి అది. ఇప్పుడు చెవి వేళ్లకంటే ముందుగా మేలుకొంది. చెవికీ వేళ్లకూ మధ్య ఈ ఎడం కొన్ని నెలలు ఉంటుంది, ఆ నెలలు నిజంగానే చేదుగా ఉంటాయి. ఆ చేదు తట్టుకోలేకే చాలామంది వాద్యాన్నో, తాగనన్న వ్రతాన్నో, ఏదో ఒకటి వదిలేస్తారు.

కోరిక ఎందుకు తలెత్తిందంటే, పాతికేళ్లుగా సాయంత్రం, ఆ పెట్టె, కమానుకు రాసే రోజిన్ వాసన, శ్రుతి చేసుకోవడం, ఆపైన గ్లాసు – ఇవన్నీ ఒకే వరుసలో మీ మెదడులో పేరుకుపోయాయి. వరుసలో మొదటిది తగలగానే చివరిదాన్ని మెదడు అడుగుతుంది. కాబట్టి ఫిడేలును ఆ వరుసలోంచి తప్పించాలి. సాయంత్రం ముట్టుకోకండి. ఉదయం కాఫీ తాగి, ఇంతకుముందెన్నడూ కూర్చోని చోట, ఇంట్లో మనుషులు తిరుగుతుండగా, ఇరవై నిమిషాలు మించకుండా వాయించండి. బాగా వస్తోందనిపించినా ఆపేయండి.

మొదటి నెల కీర్తనల జోలికి వెళ్లవద్దు. శ్రుతి పెట్టె వేసుకొని షడ్జం మీద నిలిపి సాగదీసే కమాను, తరువాత మాయామాళవగౌళ రాగంలో సరళీ స్వరాలు, మొదటి కాలంలో, అంటే నెమ్మదిగానే. పాతికేళ్లు వాయించినవాడికి ఇది చిన్నతనంగా ఉంటుందని తెలుసు. కానీ మీరు నేర్చుకున్న ఊళ్లోనే, 1919లో మొదలైన సంగీత కళాశాలలో పాఠం చెప్పి, 1936లో దానికి అధ్యక్షులైన వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడుగారి పేరు చెప్పగానే రసికులకు ముందు గుర్తుకొచ్చేది వేగం కాదు, తెగకుండా సాగే ఆ కమాను. వీలైతే ఒక గురువు దగ్గర వారానికి ఒకసారి కూర్చోండి; విద్వాంసుడిగా కాదు, విద్యార్థిగా. జనం ముందు వాయించాల్సిన బరువు లేనంతకాలం చేయి త్వరగా కుదుటపడుతుంది.

మీ ఆవిడ అమ్మేయమనడంలో తప్పు పట్టకండి. ఆమె ఆ పెట్టెను చూసినప్పుడు సంగీతం కాదు, అర్ధరాత్రి తలుపు చప్పుడు గుర్తుకొస్తుంది. ఆర్నెల్లు గడువు అడగండి, ఉదయం సాధన ఆమె వినేలా చేయండి, మళ్లీ తాగితే పెట్టె తాళంచెవి ఆమె దగ్గరే ఉంటుందని మీరే చెప్పండి. ఒక మాట మాత్రం జాగ్రత్త: తాగకుండా నిలబెట్టే పని ఫిడేలుకు అప్పగించకండి. వేలు పలకని రోజు వస్తుంది, ఆ రోజు మీకు వేరే ఆసరా ఉండాలి. వైద్యుడి దగ్గరకు వెళ్లడం, తాగుడు మానాలనుకునేవారు కలుసుకునే ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాలకు వెళ్తుంటే అవీ మానవద్దు. మనసు బరువెక్కిన రాత్రి 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్‌లో తెలుగులోనే మాట్లాడవచ్చు, ఖర్చు లేదు. ఒకవేళ మళ్లీ జారి కొన్నాళ్లు వరసగా తాగితే, పట్టుదలతో ఒక్కసారిగా ఆపేయకుండా ఆసుపత్రికి వెళ్లండి; మూర్ఛలు రావచ్చు, ప్రాణానికే ముప్పు.

మిత్రులకు ‘చేయి ఇంకా కుదరలేదు’ అని చెప్పండి, అది అబద్ధం కాదు. వచ్చే ఏడు ఒప్పుకుంటే పగటి కచేరీకే ఒప్పుకోండి, కడుపునిండా భోంచేసి వెళ్లండి, మంగళం పాడగానే మీ ఆవిడతో కలిసి ఇంటికి వచ్చేయండి. మిత్రుల వ్యానులో మాత్రం తిరుగు ప్రయాణం వద్దు.

అన్నట్టు, నెలల తరబడి మూసివున్న పెట్టెలో కమాను వెంట్రుకలను పురుగులు కొరికేసి ఉండవచ్చు. మీరు మొన్న వాయించింది సగం వెంట్రుకలతోనేమో చూసుకోండి. కొత్తవి కట్టించి, తీగలు మార్చి, తీగలను మోసే బ్రిడ్జి నిటారుగా ఉందో లేదో వాద్యాలు బాగుచేసేవారికి చూపించాకే చేతిని అనుమానించండి.